ఒంట్లో నీటి లెక్క

వైశాఖ మాసపు ఎండలో మధ్యాహ్నం దాకా పొలంలో పనిచేసి వచ్చిన మనిషి రెండు చెంబుల నీళ్లు తాగుతాడు. అయినా సాయంత్రం వరకు అతనికి మూత్రం పెద్దగా రాదు. వచ్చినా కొద్దిగా, చిక్కని పసుపు రంగులో వస్తుంది. అదే మనిషి శ్రావణ మాసపు ముసురులో ఇంటిపట్టున కూర్చొని రెండు గ్లాసుల నీళ్లు తాగితే గంట తిరగకుండానే లేవవలసి వస్తుంది. అప్పుడు మూత్రం తేటగా ఉంటుంది. ఎక్కువ తాగిన రోజున మూత్రం తక్కువ, తక్కువ తాగిన రోజున ఎక్కువ. మరి ఈ లెక్క చూసేది ఎవరు?

మన శరీరం బరువులో నూటికి సుమారు 60 వంతులు నీరే. యాభై కిలోల బరువున్న మనిషిలో దాదాపు 30 లీటర్ల నీరు ఉంటుందన్నమాట. ఈ నీటిలో ఉప్పు, చక్కెర, మాంసకృత్తులు మొదలైనవి కరిగి ఉంటాయి. నీటికీ ఉప్పుకూ మధ్య ఉన్న పాలు మారకూడదు. రక్తంలో నీరు తగ్గి ఉప్పు పాలు పెరిగితే కణాలలోని నీరు బయటికి వచ్చి అవి ముడుచుకుపోతాయి. నీరు మరీ పెరిగితే కణాలు ఉబ్బుతాయి. మెదడులోని కణాలకు ఈ రెండూ ప్రమాదమే. ఈ పాలు చెడకుండా రాత్రింబవళ్లు కాపాడే అవయవాలే మూత్రపిండాలు. వీటినే వృక్కాలు అని కూడా అంటారు.

నడుము పైభాగంలో వెన్నెముకకు ఇరువైపులా ఒక్కొక్క మూత్రపిండం ఉంటుంది. చిక్కుడు గింజ ఆకారంలో, పిడికిలి అంత పరిమాణంలో, సుమారు 150 గ్రాముల బరువుతో ఉంటుంది. పైన కాలేయం ఉండటం వల్ల కుడి మూత్రపిండం ఎడమ దానికంటె కొంచెం కిందికి ఉంటుంది. రెండూ కలిసి శరీరం బరువులో నూటికి ఒక వంతు కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో దాదాపు ఐదవ వంతు వీటికే వెళుతుంది.

ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు పది లక్షల సన్నని నాళికలు ఉంటాయి. వీటిని నెఫ్రాన్లు అంటారు. నెఫ్రాన్ మొదట్లో గిన్నెలాంటి బౌమన్ గుళిక ఉంటుంది. 1842లో దీన్ని వివరించిన ఆంగ్ల వైద్యుడు విలియం బౌమన్ పేరే దానికి వచ్చింది. ఆ గిన్నెలో వెంట్రుక కంటె సన్నని రక్తకేశనాళికలు ఉండచుట్టుకొని ఉంటాయి. దీన్ని రక్తకేశనాళికా గుచ్ఛం అంటారు. ఈ గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే నాళం వెడల్పుగాను, తీసుకుపోయే నాళం ఇరుకుగాను ఉంటుంది. అందువల్ల లోపల ఒత్తిడి పెరిగి, రక్తంలోని నీరూ, నీటిలో కరిగిన చిన్న పదార్థాలూ వడపోతకు గురై గుళికలోకి దిగుతాయి. రక్తకణాలు, పెద్ద మాంసకృత్తులు మాత్రం రక్తంలోనే ఉండిపోతాయి.

ఇలా రోజుకు వడకట్టే ద్రవం ఎంతో తెలుసా? సుమారు 180 లీటర్లు! పది లీటర్ల బిందెలతో కొలిస్తే పద్దెనిమిది బిందెలు. కాని మనం విసర్జించే మూత్రం రోజుకు లీటరున్నర మాత్రమే. మిగిలినదంతా నాళికల గోడల గుండా తిరిగి రక్తంలోకి చేరుతుంది.

పారవేయవలసింది లీటరున్నరే అయితే 180 లీటర్లు వడకట్టడం దేనికి? సంక్రాంతికి ముందు ఇల్లు ఎలా శుభ్రం చేస్తారో గుర్తుచేసుకోండి. మూలమూలల్లో చెత్తను వెతికి ఏరరు. సామానంతా వాకిట్లోకి చేర్చి, కావలసిన వస్తువులను మాత్రం లోపలికి తెచ్చుకుంటారు. పనికిరానివి బయటే మిగిలిపోతాయి. మూత్రపిండాలు చేసే పని కూడా ఇదే. ఇందులో గొప్ప సౌకర్యం ఉంది. శరీరానికి ఇంతకుముందు పరిచయం లేని పదార్థం రక్తంలో చేరినా, దాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టనవసరం లేదు. తిరిగి తీసుకోకపోతే చాలు, అది బయటికి పోతుంది. కొన్ని మందులను, ఆమ్లాలను మాత్రం నాళికలు రక్తం నుండి పనిగట్టుకొని తీసి మూత్రంలో కలుపుతాయి.

తిరిగి తీసుకొనే పని అంచెలంచెలుగా జరుగుతుంది. నెఫ్రాన్ మొదటి మెలికలోనే నీటిలో, ఉప్పులో మూడింట రెండు వంతులు రక్తంలోకి చేరతాయి. చక్కెర పూర్తిగా ఇక్కడే తిరిగి వస్తుంది. మధుమేహం ఉన్నవారి రక్తంలో చక్కెర మితిమీరినపుడు నాళిక దాన్నంతా పట్టుకోలేదు. మిగిలిన చక్కెర తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. మధుమేహం ఉన్నవారికి మాటిమాటికీ మూత్రం రావడానికి, దాహం వేయడానికి ఇదే కారణం.

తరువాత నాళిక తలపిన్నులాగ కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది. ఇది హెన్లీ శిక్యం. పైకి వచ్చే భాగం ఉప్పును బయటికి తోడి, మూత్రపిండం లోపలి భాగాన్ని బాగా ఉప్పగా ఉంచుతుంది. ఈ ఉప్పటి ప్రదేశం గుండానే చివరి నాళమైన సంగ్రహణ నాళం సాగుతుంది. ఆ నాళం గోడ నీటిని వదిలితే, చుట్టూ ఉన్న ఉప్పు ఆ నీటిని లాగేస్తుంది. మూత్రం చిక్కబడుతుంది. గోడ నీటిని వదలకపోతే మూత్రం పలచగానే బయటికి పోతుంది. అయితే గోడకు ఆజ్ఞ ఇచ్చేది ఎవరు?

ఆ ఆజ్ఞ మెదడు నుండి వస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలోని కణాలు రక్తపు చిక్కదనాన్ని ఎప్పటికప్పుడు చూస్తుంటాయి. నూటికి ఒక వంతు తేడా వచ్చినా కనిపెడతాయి. ఎండలో చెమటపట్టి రక్తం చిక్కబడగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, మనకు దాహం వేస్తుంది. రెండు, పీయూష గ్రంథి నుండి వాసోప్రెసిన్ అనే హార్మోను రక్తంలోకి విడుదల అవుతుంది. మూత్రాన్ని తగ్గిస్తుంది కనుక దీన్ని మూత్రనిరోధక హార్మోను అని కూడా అంటారు. ఇది సంగ్రహణ నాళపు కణాలను చేరగానే ఆ గోడలో నీటి ద్వారాలు తెరుచుకుంటాయి. ఆక్వాపోరిన్లు అనే ఈ ద్వారాలను కనుగొన్నందుకు అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ముసురు రోజున నీళ్లు ఎక్కువై రక్తం పలచబడితే ఈ హార్మోను తగ్గిపోతుంది. ద్వారాలు మూతపడతాయి. మన మొదటి ప్రశ్నకు ఇదే జవాబు. ఈ హార్మోను లోపించిన వారు అరుదుగా రోజుకు 15 లీటర్ల వరకు మూత్రం విసర్జిస్తారు.

నీటి లెక్కతోపాటు ఉప్పు లెక్క కూడా ఉంది. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గి రక్తపు ఒత్తిడి పడిపోతే మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దాని వల్ల రక్తంలో యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది రక్తనాళాలను సంకోచింపజేస్తుంది. మూత్రపిండాల మీద టోపీల్లాగ ఉన్న అధివృక్క గ్రంథులను కూడా అదే ప్రేరేపిస్తుంది. ఆ గ్రంథుల నుండి వచ్చే ఆల్డోస్టిరోన్ ఉప్పును తిరిగి రక్తంలోకి రప్పిస్తుంది. ఉప్పు వెంట నీరూ వస్తుంది. దీనికి వ్యతిరేకంగా, రక్తం ఎక్కువై గుండె గదులు సాగినపుడు గుండె కూడా ఒక హార్మోనును విడుదల చేసి ఉప్పును, నీటిని బయటికి పంపిస్తుంది. గుండె రక్తాన్ని తోడే పంపు మాత్రమే కాదనీ, అది కూడా ఒక గ్రంథేననీ 1981లో కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ చేసిన ప్రయోగాల వల్ల తెలిసింది.

ఇంత నేర్పు ఉన్నా మూత్రపిండాలకు ఒక హద్దు ఉంది. వ్యర్థాలను పంపడానికి రోజుకు కనీసం అర లీటరు మూత్రం కావాలి. అంతకంటె చిక్కగా చేయడం వాటికి సాధ్యం కాదు. నడిసముద్రంలో చిక్కుకొన్న జాలరి చుట్టూ నీరున్నా తాగరాదనేది ఇందుకే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. మన మూత్రం అంత ఉప్పగా కాలేదు. కాబట్టి తాగిన ప్రతి లీటరు ఉప్పును బయటికి పంపడానికి లీటరు కంటె ఎక్కువ నీరు ఖర్చవుతుంది. దాహం తీరకపోగా ఒంట్లోని నీరు కూడా పోతుంది.

మూత్రపిండాలు మౌనంగా పనిచేస్తాయి, మౌనంగానే చెడిపోతాయి. సగానికి పైగా పని ఆగిపోయినా పైకి ఏ బాధా తెలియకపోవచ్చు. మధుమేహం, రక్తపోటు వీటికి పెద్ద శత్రువులు. కాని ఒడిశా సరిహద్దుకు ఆనుకొని శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ రెండూ లేని రైతులు, కూలీలు కూడా ఎందరో ఈ జబ్బు పాలయ్యారు. కొబ్బరి, జీడిమామిడి తోటలతో పచ్చగా ఉండే ఆ నేలలో ఈ జబ్బుకు మూలకారణం ఏమిటో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇంకా తేలలేదు. మధ్య అమెరికాలోని చెరకు కోత కూలీలలో కూడా ఇటువంటి జబ్బే కనిపించింది. ఎండలో గంటల తరబడి నీళ్లు లేకుండా కష్టపడటం అక్కడ ఒక కారణం కావచ్చునని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు.

పూర్తిగా చెడిన మూత్రపిండాల పనిని కొంతవరకు యంత్రం చేయగలదు. 1943లో నెదర్లాండ్స్‌లో విలెమ్ కోల్ఫ్ అనే వైద్యుడు ఇటువంటి యంత్రాన్ని రోగికి ఉపయోగించాడు. మరొకరి మూత్రపిండాన్ని అమర్చే చికిత్స మన దేశంలో 1971లో తమిళనాడులోని వెల్లూరులో విజయవంతమైంది. కాని వారానికి రెండు మూడు సార్లు యంత్రం పక్కన గంటల తరబడి పడుకోవలసిన మనిషిని అడిగితే, ఉన్నవాటిని కాపాడుకోవడం ఎంత మేలో చెబుతాడు.

అందుకు మనం చేయవలసింది కష్టమైనది కాదు. దాహం వేసినపుడు నీళ్లు తాగాలి. ఎండలో పనిచేసే పెద్దలకు నీళ్ల చెంబు, ఉప్పు వేసిన మజ్జిగ అందించాలి. ఒళ్లునొప్పులకు దుకాణంలో దొరికే బిళ్లలను వైద్యుని సలహా లేకుండా రోజుల తరబడి మింగకూడదు. బడిలో మూత్రశాల సరిగా లేదని నీళ్లు తాగడం మానేసే పిల్లలు ఉన్నారు. వారిలో బాలికలే ఎక్కువ. అది వారి తప్పు కాదు. శుభ్రమైన మూత్రశాలను అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం. మూత్రం రోజూ చిక్కని పసుపు రంగులో వస్తుంటే నీళ్లు చాలడం లేదని మూత్రపిండాలు మనకు చెబుతున్నట్లే. వాటికి మాటలు రావు, ఆ రంగే వాటి భాష.

ఆలోచించి రాయండి

1. మూత్రపిండాలు చేసే పనిని పండుగ ముందు ఇల్లు శుభ్రం చేయడంతో ఎందుకు పోల్చారు?
2. ఎండాకాలంలో మూత్రం చిక్కగా రావడానికి వాసోప్రెసిన్ ఎలా కారణమవుతుంది?
3. సముద్రపు నీరు దాహాన్ని ఎందుకు తీర్చదు?
4. మీ బడిలో పిల్లలందరూ తగినన్ని నీళ్లు తాగడానికి ఏయే ఏర్పాట్లు కావాలి? ప్రధానోపాధ్యాయునికి ఒక లేఖ రాయండి.