మోకాలు మార్చిన తరువాత పాలు పితకడం ఎప్పుడు?

కీళ్ల అరుగుదలకు ఆపరేషన్ చేయించుకొని ఇల్లు చేరిన సభ్యులు, ముఖ్యంగా మహిళా సభ్యులు, ముందుగా అడిగే ప్రశ్న ఒకటే. గేదె దగ్గర మళ్లీ ఎప్పుడు కూర్చోవచ్చు?

హైదరాబాదులోని పంజగుట్టలో 1960లలో నిజాం ట్రస్టు ఎముకల ఆసుపత్రి నెలకొల్పింది. 1980లలో అదే నిమ్స్ అయింది. అక్కడికీ, అమీర్‌పేట చుట్టుపక్కల ఆసుపత్రులకూ జిల్లాల నుండి కీళ్ల రోగులు వస్తుంటారు. ఆపరేషన్‌లో అరిగిన ఎముక కొసలకు లోహపు తొడుగులు వేసి, నడుమ గట్టి ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు. సాధారణంగా ఆ రోజో మరునాడో వాకర్‌తో నిలబెట్టి నడిపిస్తారు. నొప్పికి భయపడి మంచం పట్టినవారికి మోకాలు బిగుసుకుపోతుంది. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకోవడమూ తప్పే. అలా చేస్తే కాలు పూర్తిగా చాపడానికి రాదు.

ఇక పాలు పితికే సంగతి. గొంతుకూర్చుని తపేలా మోకాళ్ల మధ్య ఇరికించుకోవడం మన అలవాటు. కొత్త మోకాలు సాధారణంగా అంతగా మడవదు. బలవంతాన మడవనూ రాదు. తుంటి మార్చినవారు మొదటి రెండు మూడు నెలలు పీటమీద కూర్చోకుండా, కాలుమీద కాలు వేయకుండా ఉండాలని చాలామంది డాక్టర్లు చెబుతారు. కనుక సుమారు మూడు నెలలు పితికే పని ఇంట్లో మరొకరు చూడాలి. అత్తగారు లేచి తిరుగుతున్నదిగదా అని కోడలు తపేలా చేతికివ్వరాదు! తరువాత కూడా డాక్టరు సరేనంటేనే, ఎత్తైన స్టూలుమీద కూర్చుని, సాధువైన పశువు దగ్గర మాత్రమే పితకాలి. మరుగుదొడ్డి కూడా ఎత్తుగా ఉండాలి.

కుట్లు సుమారు రెండు వారాలకు తీస్తారు. గాయం పూర్తిగా మానేవరకు పేడ ఎత్తే పని వద్దు. కొట్టంలో మూత్రంతో తడిసిన బండలమీద కాలు జారితే ఎముక విరిగే ప్రమాదమున్నది. గాయం నుండి రసి కారినా, జ్వరం వచ్చినా ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క వాచి నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. హఠాత్తుగా ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగరాదు.

తిరిగి చూపించుకోవడానికి పంజగుట్ట వచ్చేవారు మియాపూర్‌లోగాని ఎల్.బి. నగర్‌లోగాని బస్సు దిగి మెట్రో రైలు ఎక్కవచ్చు. స్టేషన్లలో లిఫ్టులున్నవి, మెట్లు ఎక్కనక్కరలేదు.