సబ్బుకు నచ్చిన నీరు చేపకు నప్పుతుందా?

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, సర్జాపూర్ రోడ్డు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో పంపుల గది పక్కన ఒక నిలువు ట్యాంకు, దాన్ని ఆనుకుని ఉప్పునీళ్ల డ్రమ్ము ఉండటం మామూలే. అదే వాటర్ సాఫ్ట్‌నర్. 2007లో నగరపాలికలో కలిసిన 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి తాగునీటి పథకం ఐదో దశ 2024 అక్టోబరులో గానీ మొదలు కాలేదు. అంతవరకు ఆ ప్రాంతాలు చాలావరకు బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతికాయి. నగరం కింద ఉన్నది గ్రానైటు, నైస్ శిల. వాన నీరు నేలలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, ఖనిజాలను కరిగించుకుంటుంది. అందుకే బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం పేరుకుంటాయి. సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్‌కు తెల్లటి పొర కడుతుంది. ఈ బాధలకు సాఫ్ట్‌నర్ మంచి మందే. అయితే హాల్లోని చేపల తొట్టెకు కూడా అదే మేలనుకోవడం పొరపాటు. ఎందుకో తెలియాలంటే ఆ యంత్రం పుట్టుక నుంచీ చూడాలి.

దాని మూలం ఇంగ్లండు పొలాల్లో ఉంది. యార్క్‌షైర్ భూస్వామి హ్యారీ స్టీఫెన్ థాంప్సన్ ఎరువులోని అమ్మోనియా వానకు కొట్టుకుపోకుండా మట్టి ఎలా పట్టి ఉంచుతుందో పరీక్షించాడు. అమ్మోనియం సల్ఫేటు కలిపిన మట్టిని నీటితో కడిగితే కిందికి దిగిన నీటిలో అమ్మోనియాకు బదులు కాల్షియం సల్ఫేటు కనిపించింది. ఆ సంగతి 1850లో అచ్చయింది. రసాయన శాస్త్రవేత్త జాన్ థామస్ వే దాన్ని మరింత లోతుగా పరిశీలించి, బంకమట్టిలోని సిలికేట్లు ఒక పదార్థాన్ని పట్టుకుని అందుకు సమానంగా మరొకదాన్ని వదులుతాయని తేల్చాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీకి చెందిన రాబర్ట్ గాన్స్ ఇదే గుణమున్న సిలికేట్లను కృత్రిమంగా తయారుచేసి నీటి కాఠిన్యం తగ్గించడానికి వాడాడు. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు సింథటిక్ రెసిన్‌తో ఆ పని చేయించారు. ఈనాటి సాఫ్ట్‌నర్లలో ఉండే పాలీస్టైరీన్ రెసిన్‌కు 1944లో అమెరికాలో డి'అలేలియోకు పేటెంటు దక్కింది. ఈ చరిత్రంతటిలో యంత్రం ముందున్న ప్రశ్నలు రెండే: బాయిలరుకు పొర కట్టకూడదు, సబ్బు వృథా కాకూడదు. విచిత్రంగా, ఇంటి అక్వేరియం శాస్త్రం కూడా 1850లోనే మొదలైంది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ గోల్డ్ ఫిష్, నీటి మొక్కలు, నత్తలు ఒకే తొట్టెలో ఒకదానికొకటి ఆసరాగా బతకగలవని ఆ ఏడాదే ప్రకటించాడు. ఒకే ఏట మొదలైన ఈ రెండు విద్యలూ వేర్వేరు అవసరాల కోసం ఎదిగాయి.

సాఫ్ట్‌నర్ చేసేది మార్పిడి. రెసిన్ గుళిక ఒక కాల్షియం అయానును పట్టుకున్నప్పుడల్లా రెండు సోడియం అయాన్లను నీటిలోకి వదులుతుంది. గుళికలు నిండిపోయాక డ్రమ్ములోని గాఢమైన ఉప్పునీరు వాటిని కడిగి మళ్లీ సోడియంతో నింపుతుంది. లెక్క చూద్దాం. కాల్షియం కార్బొనేటుగా లెక్కిస్తే లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యం ఉన్న నీరు సాఫ్ట్‌నర్ గుండా పోతే అందులో సుమారు 184 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. ఆ కాఠిన్యమంతా కాల్షియం వల్లనే అయితే పోయే కాల్షియం 160 మిల్లీగ్రాములు. అంటే కరిగిన లవణాల మొత్తం తగ్గకపోగా కాస్త పెరుగుతుంది. నీటి క్షారతకు కారణమైన బైకార్బనేట్లు ఎక్కడివక్కడే ఉంటాయి కాబట్టి పీహెచ్ కూడా దిగదు. అక్వేరియం వాళ్లు జీహెచ్ (కాఠిన్యం), కేహెచ్ (క్షారత) అని రెండు విడివిడి పరీక్షలు చేసేది ఇందుకే. సాఫ్ట్‌నర్ జీహెచ్‌ను సున్నా దగ్గరికి తెస్తుంది, కేహెచ్‌ను ముట్టుకోదు. అమెజాన్ ఉపనది రియో నీగ్రోలో ఈ రెండూ దాదాపు సున్నాయే, లవణాలూ అత్యల్పం. అక్కడి చేపకు కావలసిన మృదు జలానికీ సాఫ్ట్‌నర్ నీటికీ పోలికే లేదు.

చేప శరీరానికి కాల్షియం ఎందుకో చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. మంచినీటి చేప రక్తంలో లవణాలు చుట్టూ ఉన్న నీటిలో కన్నా ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా నీరు లోపలికి చొరబడుతూ, లవణాలు బయటికి కారిపోతూ ఉంటాయి. నీటిలోని కాల్షియం మొప్పల కణాల మధ్య సందులను బిగించి ఆ కారడాన్ని తగ్గిస్తుంది. రాగి వంటి లోహాలు మొప్పల్లోకి దూరకుండా పోటీపడేదీ అదే. ఎముకలకు అవసరమైన కాల్షియంలో చాలా భాగాన్ని చేప నేరుగా నీటి నుంచే తీసుకుంటుంది. నత్తల గుల్లలు, రొయ్యల పెంకులు, మొక్కల చిగుళ్లు కూడా దాని మీదే ఆధారపడతాయి. దాన్ని తీసేసి సోడియం ఇస్తే సబ్బుకు మంచిదే, మొప్పకు కాదు.

సాఫ్ట్‌నర్ నీటిలోనే చేపలు ఏళ్లుగా బతుకుతున్నాయి కదా అని కొందరు అడుగుతారు. నిజమే, బతుకుతాయి. చాలా చోట్ల సాఫ్ట్‌నర్ కాఠిన్యాన్ని పూర్తిగా తీయదు, కొంత మామూలు నీరు కలిసే వస్తుంది. మేత నుంచి కొంత కాల్షియం అందుతుంది. గోల్డ్ ఫిష్ లాంటివి మొండివి. కానీ తట్టుకోవడం వేరు, సుఖంగా ఉండటం వేరు. ఇలాంటి తొట్టెలో చేపలు బాగానే ఉంటే ఒక్కరోజులో నీళ్లన్నీ మార్చేయకూడదు, ఆ కుదుపే ఎక్కువ ప్రమాదం. వారానికి అయిదో వంతు చొప్పున మెల్లగా మార్చాలి. మా కుళాయిలన్నిటిలో సాఫ్ట్‌నర్ నీళ్లే వస్తాయి, ఏం చేయాలన్నది మరో ప్రశ్న. సాఫ్ట్‌నర్‌కు ముందే చీలిపోయే గొట్టం ఉందేమో, తోటకు వెళ్లే కుళాయి అలాంటిదేమో నిర్వాహకులను అడిగి తెలుసుకోవచ్చు. తొట్టెలో గవ్వలు, ముత్యపు చిప్పలు వేస్తే కాల్షియం వస్తుందన్న ఆశ మాత్రం ఇక్కడ ఫలించదు. క్షారత ఎక్కువున్న నీటిలో అవి చాలా తక్కువగా కరుగుతాయి.

బోరు నీటిని అలాగే పోసినా ఫరవాలేదా? ముందు పరీక్ష చేయించాలి. తాగునీటికి భారతీయ ప్రమాణం కాఠిన్యాన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు సమ్మతిస్తుంది, వేరే దారి లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. ఆ మధ్యలో ఉన్న నీటిలో గప్పీలు, మోలీలు, ఆఫ్రికాలోని మలావీ సరస్సు సిక్లిడ్లు హాయిగా ఉంటాయి. నైట్రేటు కూడా చూడాలి, మురుగు ఇంకిన చోట బోర్లలో అది ఎక్కువగా ఉంటుంది. లోతు నుంచి అప్పుడే తోడిన నీటిలో ప్రాణవాయువు తక్కువ, కార్బన్ డయాక్సైడు ఎక్కువ. ఒక రోజంతా బకెట్లో గాలిపంపు పెట్టి ఉంచాకే తొట్టెలో పోయాలి.

నియాన్ టెట్రాలు, డిస్కస్‌లు పెంచాలనుకునేవారికి అసలైన మృదు జలం కావాలి. ఫారాల్లో పుట్టినవి ఒక మోస్తరు కఠిన జలానికి అలవాటు పడతాయన్న వాదనలో నిజముంది. కానీ గుడ్లు పిల్లలు కావాలంటే నీరు మృదువుగా ఉండి తీరాలి. ఆర్‌ఓ యంత్రం లవణాలను నిజంగా తీసేస్తుంది గానీ చాలా నీటిని పారబోస్తుంది. ఇంతకన్నా మంచి దారిని బెంగళూరు చట్టమే చూపింది. 2009 నుంచి ఇక్కడ కొత్తగా కట్టే ఇళ్లలో 30×40 అడుగుల స్థలానికి కూడా వాన నీటి సేకరణ తప్పనిసరి. ఏటా సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడే ఈ ఊళ్లో 100 చదరపు మీటర్ల కప్పు మీద పడేది దాదాపు 97 వేల లీటర్లు. తొలి వాన వదిలేసి, శుభ్రమైన కప్పు నుంచి పట్టిన నీటిని మూడు పాళ్లు, 400 కాఠిన్యం ఉన్న బోరు నీటిని ఒక పాలు కలిపితే కాఠిన్యం 100కు దిగుతుంది. క్షారత కూడా దాంతోపాటే తగ్గుతుంది. ఉత్త వాన నీరు మాత్రం పోయకూడదు. క్షారత బొత్తిగా లేని నీటిలో పీహెచ్ ఉన్నట్టుండి పడిపోతుంది.

కాబట్టి మీ బోరు నీటిని ముందు పరీక్షించండి, ఆ నీటికి తగిన చేపనే ఎంచుకోండి. వేరే చేప కావాలంటే వాన నీరు కలపండి. సాఫ్ట్‌నర్ నీటిని బట్టలకు, గీజరుకు వదిలేయండి.