నేలలోని చల్లదనం ఇంటికి వస్తుందా?

మే నెల మిట్టమధ్యాహ్నం చేతిపంపు కొట్టి ఆ నీళ్లు ముఖాన పోసుకుంటే ప్రాణం లేచివస్తుంది. అవే నీళ్లు జనవరి తెల్లవారుజామున గోరువెచ్చగా తగులుతాయి. నీళ్లు మారలేదు, పైనున్న గాలి మారింది. నేల పైపొర ఎండకు కాలుతుంది, మంచుకు చల్లారుతుంది. పదిహేను, ఇరవై అడుగుల లోతున మాత్రం ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడి ఉంటుంది. మన గోదావరి జిల్లాల్లో అది సుమారు 28, 29 డిగ్రీలు.

ఈ సంగతిని ఆధారం చేసుకొని ఇంటిని వేడిచేసే ఏర్పాటుకు 1912లోనే స్విట్జర్లాండులో హైన్రిచ్ జోలీ అనే ఇంజనీరు పేటెంటు పొందాడు. నేలలో ప్లాస్టిక్ గొట్టాలు పాతి, వాటిలో నీళ్లు తిప్పుతారు. ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసర్ వంటి యంత్రం ఉంటుంది. చలికాలంలో అది నేలలోని వేడిని పైకి తెస్తుంది, ఎండాకాలంలో గదిలోని వేడిని నేలకు పంపుతుంది. స్వీడన్, అమెరికా దేశాల్లో లక్షల ఇళ్లకు ఇది ఉంది.

అటువంటి ఇంట్లో ఉంటున్న ఒక కుమారుడు కోనసీమలోని తల్లిదండ్రులకూ అదే పెట్టించాలనుకున్నాడు. "అయ్యగారూ, దొడ్లో బోర్లు వేసి గొట్టాలు దింపితే ఎండాకాలం కరెంటు బిల్లు సగమౌద్దంటన్నాడండి మావోడు. నిజమేనంటారా?" అని ఆ తండ్రి మమ్మును అడిగారు. తల్లికి గుండె బలహీనం. శ్లాబు గదిలో రాత్రి పన్నెండైనా సెగ తగ్గదు. 2015 మేలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. కనుక ఆ కుమారుని ఆత్రుత అర్థం చేసుకోదగినదే.

అతడు చెప్పినదానిలో నిజం లేకపోలేదు. మామూలు ఎ.సి. గదిలోని వేడిని 42 డిగ్రీల గాలిలోకి నెట్టవలసి వస్తుంది. 29 డిగ్రీల నేలలోకి నెట్టడం యంత్రానికి తేలిక, కరెంటు తక్కువ. మన తడి ఒండ్రునేల పొడి ఇసుకకంటె వేడిని బాగా లాగుతుంది కూడా.

అయితే చలిదేశాల్లో వేసవిలో నేలకిచ్చిన వేడిని చలికాలంలో తిరిగి ఇంటికి తీసుకుంటారు. లెక్క సరిపోతుంది. మనకు ఇల్లు వెచ్చబెట్టుకునే కాలమే లేదు. ఏటా ఇవ్వడమే గాని తీసుకోవడం లేదు గనుక గొట్టాల చుట్టూ నేల క్రమేణా వేడెక్కుతుంది. భూగర్భజలం కదులుతూ ఉంటే కొంత మోసుకుపోతుంది, కాని చదునైన డెల్టాలో ఆ కదలిక బహు నెమ్మది. పైగా అక్కడి లెక్కనే ఒక టన్ను ఎ.సి.కి 150 నుండి 200 అడుగుల బోరు కావాలి. ఇక్కడి వెచ్చని నేలకు ఇంకా ఎక్కువే.

మమ్మును ఎక్కువగా భయపెట్టినది నీటి సంగతి. సముద్రపు వారనున్న అల్లవరం, రాజోలు వంటి చోట్ల పైన పలుచగా మంచినీరు, అడుగున ఉప్పునీరు. బోరు లోతుకు దింపి, గొట్టం చుట్టూ ఖాళీని గట్టిగా పూడ్చకపోతే ఆ రెండూ కలిసిపోవచ్చు. చల్లదనం ఒక ఇంటికి, ఉప్పు వీధంతటికీ! గొట్టాలు లేకుండా బోరు నీటినే తోడి యంత్రంలో తిప్పుదామనేవారున్నారు. అది ఉప్పును ఇంకా పైకి లాగుతుంది, లోహపు భాగాలను తినేస్తుంది.

మణుగూరు దగ్గర పగిడేరులో బోరునుండి వేడినీళ్లు వస్తాయి, సింగరేణి సంస్థ దానితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది. అది లోతైన భూగర్భపు వేడి. మన పెరటి గొట్టాలకు దానితో సంబంధం లేదు.

ఆ పెద్దాయనకు మేము చెప్పినది: ఆసుపత్రి, కాలేజీ వంటి పెద్ద కట్టడమైతే, నేలను పరీక్షించే ఇంజనీరు దొరికితే ఆలోచించవచ్చు. రెండు గదుల ఇంటికి వద్దు. ముందు శ్లాబుకు తెల్లసున్నం కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. వీలైతే శ్లాబుకు పైన జానెడు ఎడమతో తాటాకు పందిరి వేయించండి, నిప్పు జాగ్రత్త. పడమటి గోడకు చెట్టు నీడ ఉండాలి. అప్పుడు అమ్మగారి గదికి ఐదు నక్షత్రాల చిన్న ఎ.సి. ఒకటి చాలు.

కుమారుడు ఫోనులో గంటసేపు వాదించాడట. సున్నం మాత్రం ఫిబ్రవరిలోనే కొట్టించారు.