కుండీకి అడుగున చిల్లెందుకు?

తిరుపతిలో పెరడు లేని ఇంటికీ మిద్దె ఉంటుంది. అక్కడ పాత ప్లాస్టిక్ బకెట్టులో కూడా టమాటా కాస్తుంది. కాకపోతే ముందు దాని అడుగున నాలుగైదు చిల్లులు పెట్టాలి. నీళ్లు పోసేది మొక్క తాగడానికే కదా, మళ్లీ బయటికి పంపడమెందుకు?

వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల సందుల్లో గాలి ఉంటుంది. చిల్లు లేకపోతే అక్టోబరు, నవంబరు వానలకు ఆ సందులన్నీ నీళ్లతో నిండి, గాలాడక వేళ్లు కుళ్లిపోతాయి. తడి మట్టిలోనే మొక్క వాడిపోతుంది! దాహమేమోనని ఇంకో చెంబు పోస్తే దాని పని అయిపోయినట్టే. వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. ఉత్త ఎర్రమట్టి కుండీలో గట్టిపడుతుంది. కొబ్బరిపొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపితే గుల్లగా ఉంటుంది.

ఎండాకాలం సంగతి వేరు. ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. నేలలో అయితే వేరు చల్లని లోతుకు పోతుంది, కుండీలో ఆ దారి లేదు. పైగా పక్కల నుంచీ వేడి. అందుకే నీళ్లు పొద్దున్నే పోయాలి, పైన నీడవల కట్టాలి.

కొత్తిమీర వేడికి త్వరగా పూతకొచ్చేస్తుంది, చలికాలంలో వేయండి. ధనియం నిజానికి కాయ, లోపల రెండు గింజలు. నలిపి బద్దలు చేసి చల్లండి. పుదీనాకైతే విత్తనమే అక్కర్లేదు: వంటకు తెచ్చిన కట్టలోంచి ముదురు కాడ ఒకటి అమ్మనడిగి గుచ్చి చూడండి.