వెల్లకిల వాలి త్రొక్కు సైకిలు



చదునైన బాటపై వడిగా పోవు సైకిలువానికి ప్రధాన శత్రువు గాలి. వేగము రెట్టింపైనచో దాని యెదురొత్తిడి నాలుగింతలగును.

1933వ సంవత్సరము జూలై 7వ తేదీన పారిస్ నగరమున ఫ్రాన్సిస్ ఫోర్ అనునతడు వెనుకకు వాలి, కాళ్లు ముందునకు చాచి త్రొక్కు సైకిలుపై ఒక గంటలో 45.055 కిలోమీటర్లు పోయెను. 1914లో ఆస్కార్ ఎగ్ సాధించిన 44.247 కిలోమీటర్లను మించెను. ఫోర్ ఆనాటి పందెగాండ్రలో అగ్రగణ్యుడు కాడు!

ఆ బండిని నిర్మించినవాడు షార్ల్ మోషే. కండబలము పెరిగి గెలుచుట కాదు; వాలిన దేహము గాలికి తక్కువగా అడ్డుపడును. తొడల కండలును పిరుదుల కండలును ఇందును పనిచేయును. కాని గోడకు వీపానించి బరువైన పెట్టెను కాళ్లతో నెట్టువానివలె, త్రొక్కువాడు ఆసనమున కాని బలము చూపును. చేతులకును మెడకును భారము తప్పును.

మిట్ట యెక్కునపుడు మాత్రము చిక్కు కలదు. మామూలు సైకిలువాడు లేచి నిలిచి తన బరువునంతయు పెడలుపై మోపగలడు. వాలినవానికి ఆ యుపాయము లేదు; కాళ్ల బలమే గతి. బరువైన గేరున బలవంతముగా నెట్టినచో మోకాళ్లు నొచ్చును. తేలికైన గేరున వడివడిగా త్రొక్కుటయే మేలు.

1934లో అంతర్జాతీయ సైకిలు సంఘమువారు పందెపు సైకిలునకు క్రొత్త నిర్వచనము వ్రాసి దీనిని తొలగించిరి. అది న్యాయమని నాకు తోచదు. వంగిన హ్యాండిలు పట్టి నడుము వంచుటయు గాలిని తప్పించుకొనుటకే గదా! ఇట్టి బండ్లు నేటికిని తయారగుచున్నవి. ఆ సంఘపు పందెములలో మాత్రము వానికి చోటు లేదు.