బోర్డు మీద అంటించినవన్నీ పిల్లల కోసమే కాదు

ఉస్మానియా క్యాంపస్‌కి పొద్దున నడకకు వచ్చేవాళ్లు ఆర్ట్స్ కాలేజీ ముందు ఆగి ఫొటో దిగుతారు. దిగాల్సిందే. 1939లో ప్రారంభమైన ఆ గులాబీ గ్రానైటు కట్టడం ఎన్నిసార్లు చూసినా కొత్తగానే ఉంటుంది. నేను తార్నాకలో ఉంటాను, తపాలా శాఖలో పనిచేసి రిటైరైనదాన్ని. ఎక్కడ కాగితం అంటించి ఉన్నా, అది ఎవరికి రాశారో చూడకుండా దాటిపోలేను. అందుకే కాలేజీలు తెరిచే వేళకు నా నడక పెట్టుకుంటాను. విభాగాల ముందు నోటీసు బోర్డులు చదవడం నాకు పేపరు చదవడం కన్నా ఇష్టం.

మా అపార్ట్‌మెంట్‌లో చాలామందికి ఇది వింతగా ఉంటుంది. యూనివర్సిటీ గోడ మీది కాగితంతో మనకేం పని అంటారు. చాలా కాగితాలతో నిజంగానే పని లేదు. కొన్నిటితో మాత్రం ఉంది, అవి మనల్నీ రమ్మంటున్నాయి. ఏవో తెలియాలంటే బోర్డు చదవడం కొంచెం అలవాటు కావాలి.

పైన నంబరు, తేదీ, కింద రిజిస్ట్రారుదో కంట్రోలరుదో సంతకం ఉంటే అది హుకుం. పరీక్ష ఫీజు ఫలానా తేదీ లోపు, ఆలస్య రుసుముతో ఫలానా తేదీ దాకా, హాల్ టికెట్లు ఎప్పటినుంచి, రీవాల్యుయేషన్‌కి ఎన్నాళ్లు గడువు, ఇలాంటివి. హాజరు 75 శాతం లేనివాళ్ల జాబితా కూడా ఈ కోవలోదే. మామూలుగా 65కీ 75కీ మధ్య ఉన్నవాళ్లు డాక్టరు సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కుతారు. అంతకన్నా తగ్గితే డిటెయిన్. ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలున్నవాళ్లు ఈ జాబితా ఎప్పుడు వస్తుందో తెలుసుకుని ఉండడం మంచిది. పిల్లలు చెప్పే వార్తల్లో ఇది చివరిది.

తల్లిదండ్రులు చదవాల్సినవి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి ర్యాగింగ్ గురించి. మన ఉమ్మడి రాష్ట్రం 1997లోనే దీనికి చట్టం చేసింది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. విద్యార్థితో పాటు తల్లిదండ్రులూ ఏటా హామీపత్రం ఇవ్వాలన్నది అప్పటినుంచే. 1800-180-5522 అనే ఉచిత నంబరుకు రాత్రీ పగలూ ఫోన్ చేయొచ్చు. రెండోది లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ గురించి. సభ్యులెవరో, వాళ్లను ఎలా కలవాలో అందరికీ కనబడేలా ప్రకటించాలని నియమం. విద్యార్థుల విషయమైతే కమిటీలో ముగ్గురు విద్యార్థులూ ఉండాలి. అమ్మాయిని హాస్టల్లో దింపే రోజున మంచం, పరుపు, బకెట్ చూసుకునే అమ్మానాన్నలు ఈ కాగితాన్ని కూడా ఒక ఫొటో తీసుకుంటే నయం.

ఇక మనల్ని పిలిచే కాగితాలు. వీటికి నంబర్ల హడావిడి తక్కువ. ‘ఎక్స్‌టెన్షన్ లెక్చర్’ అని ఉంటే బయటి పండితుడెవరో వచ్చి ఒక గంట మాట్లాడతాడని అర్థం. ఎవరి పేరు మీదనో స్మారకోపన్యాసం అని ఉంటే దాని వెనక డబ్బు కథ ఉంటుంది. ఒక కుటుంబమో శిష్యులో కలిసి యూనివర్సిటీలో కొంత మూలధనం జమ చేస్తారు. ఏటా దాని మీద వచ్చే వడ్డీతో వక్తకు దారిఖర్చులు, వినేవాళ్లకు టీ. ఎప్పుడో వేసిన మూలధనం మీద వడ్డీ ఇప్పుడు టీకి కూడా చాలని ఉపన్యాసాలుంటాయి, అయినా జరుగుతాయి. పక్కనే ఉన్న ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా చేరగలిగేలా విదేశీ భాషల పార్ట్‌టైమ్ కోర్సులుంటాయి. వాటి నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉండేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. వర్క్‌షాప్ అన్నదానికి మాత్రం సాధారణంగా రిజిస్ట్రేషన్, ఫీజు ఉంటాయి. రిఫ్రెషర్ కోర్సు అధ్యాపకులకు, మనకు కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన నోటీసు పీహెచ్‌డీ వైవాది, అంటే మౌఖిక పరీక్షది. పరిశోధక విద్యార్థి పేరు, అంశం, గైడు పేరు, తేదీ, సమయం, గది, అంతే ఉంటుంది. ఈ నాలుగు వరుసల వెనక ఎన్నేళ్లున్నాయో చూడండి. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే ఇంకో రెండు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవాళ్లకు మరో రెండేళ్ల వెసులుబాటు. రాసింది పుస్తకాల్లోంచి ఎత్తి రాసిందేమోనని సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తారు. పోలికలు పది శాతం లోపుంటే జరిమానా లేదు. నలభై దాకా ఉంటే దిద్దుకుని మళ్లీ ఇవ్వాలి, అరవై దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. తర్వాత బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదివి నివేదికలు పంపాలి. అవి అనుకూలంగా వచ్చాకే బోర్డు మీద కాగితం పడేది. ఆ పరీక్ష గది తలుపులు మూసి జరిపేది కాదు. విభాగం అధ్యాపకులు, తోటి పరిశోధకులు, విద్యార్థులు కూర్చోవచ్చు. నేను ముందు ఆఫీసులో అడిగి కూర్చుంటాను. ఇంతవరకు వద్దన్నవాళ్లు లేరు.

నిజామాబాద్ వైపు బీడీ కార్మికుల మీద ఒక అమ్మాయి చేసిన పరిశోధనకు అలాగే వెళ్లాను. నా పక్కన ఆమె నాన్న. ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీటు డబ్బాల సంచి. కూలి రేట్ల పట్టిక మీద పరీక్షకుడు పట్టు వదలకుండా అడుగుతున్నాడు. ఈ ఏడాది లెక్క ఎక్కడిది, కంపెనీ చెప్పిందా, కార్మికులు చెప్పిందా? అమ్మాయి తడుముకోకుండా ఇద్దరి లెక్కలూ వేరుగా ఎందుకున్నాయో చెప్పింది. కార్ఖానాలో ఏరి పారేసిన బీడీలకు కూలి కట్టివ్వరట, తేడా అక్కడ వచ్చిందట. నాన్నకు మాత్రం చెమటలు.

“ఫెయిలు జేస్తరా మేడమ్?” అన్నాడు చెవిలో.

“లేదన్నా, మంచిగ చదివిండు కాబట్టే గిన్ని అడుగుతుండు” అన్నాను.

పరీక్షకుడు డిగ్రీకి సిఫారసు చేస్తున్నానని చదివినప్పుడు ఆయన చప్పట్లు కొట్టలేదు, లేచి సంచి విప్పాడు. బీడీ కార్మికుల గురించి నేను ఆ గంటన్నరలో విన్నది ఏ పేపర్లోనూ చదవలేదు.

బోర్డులకు కూడా కాలాలుంటాయి. మాతృభాషా దినం ఫిబ్రవరి 21న, సైన్స్ దినోత్సవం 28న వస్తాయి కాబట్టి ఫిబ్రవరి నెలాఖరు అంతా సెమినార్లే. ఏప్రిల్‌లో అంబేడ్కర్ జయంతి సభలు. ఆగస్టు 29న గిడుగు పుట్టినరోజు, సెప్టెంబర్ 9న కాళోజీది, అప్పుడు తెలుగు శాఖలో సందడి. పరీక్షలు దగ్గర పడితే ఉపన్యాసాలు మాయమై టైమ్‌టేబుళ్లు మిగులుతాయి. తేదీ దాటిన కాగితాలు అలాగే వేలాడుతుంటే ఒక అటెండర్‌ని అడిగాను, ఇవి తీసెయ్యరా అని. “అంటించుడు నా డ్యూటీ అమ్మా. తీసుడు ఎవ్వరి డ్యూటీనో నాకు ఎవ్వరు చెప్పలే” అన్నాడు. దానివల్ల నాకు లాభమే. ఒకే బోర్డు మీద ఆరు నెలల చరిత్ర దొరుకుతుంది.

బోర్డుకి అద్దం, తాళం ఉంటాయి. గోడకు ఉండవు. విద్యార్థి సంఘాల సదస్సులు, రౌండ్ టేబుళ్లు, ఛలో పిలుపులు గోడల మీదే కనిపిస్తాయి. ఎన్నికలు జరిగే క్యాంపస్‌లలో దీనికీ లెక్క ఉంది. సుప్రీంకోర్టు 2006లో ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫారసుల ప్రకారం అభ్యర్థి ఖర్చు ఐదు వేలు దాటకూడదు, అచ్చు పోస్టర్లు వేయకూడదు, చేత్తో రాసినవే అంటించాలి, అవీ యాజమాన్యం ముందే చూపించిన చోట్లలోనే. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎన్నికలు జరుగుతాయి. ఉస్మానియాలో విద్యార్థి సంఘం ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది, పోస్టర్లు మాత్రం ఆగలేదు.

ఇక్కడ హుకుముకూ గోడకూ మధ్య తగాదా పాతదే. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడకూడదన్నారు. పాడినవాళ్లను వందల సంఖ్యలో బహిష్కరించారు, వాళ్లకు నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా నాగపూర్ వెళ్లి చదివినవాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. 2025 మార్చిలో విభాగాల్లో, కాలేజీల్లో, పరిపాలనా భవనాల్లో ధర్నాలు, నినాదాలు కూడదని సర్క్యులర్ వస్తే విద్యార్థి సంఘాలు వెంటనే దానిమీదే నిరసనకు దిగాయి. చదువుకునే గది ముందు మైకు పెట్టడం నాకూ నచ్చదు. కానీ మా ఇంట్లోవాళ్లు సహా ఈ ఊరివాళ్లు తెలంగాణ కోసం మాట్లాడడం నేర్చుకున్నది ఈ క్యాంపస్ సభల్లోనే. అందుకని ఆ సర్క్యులర్ చదివి నాకు మనసు ఒప్పలేదు.

ఇప్పుడు అన్నీ ఫోన్లోనే వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి, దొంగవి కూడా. వానలు గట్టిగా పడితే పరీక్షలు వాయిదా అంటూ ఎవరో పాత సర్క్యులర్‌లో తేదీ మార్చి వాట్సాప్‌లో వదులుతారు. అది అబద్ధమని యూనివర్సిటీ మళ్లీ ప్రకటన ఇవ్వాల్సి వస్తుంది. అలాంటిది కనిపిస్తే ముందు నంబరు, తేదీ, ‘కాపీ టు’ అని కింద ఉండే వరుస చూడండి. అసలు కాగితం పరీక్షల విభాగం నుంచి ప్రిన్సిపాళ్ల దాకా అందరి పేర్లూ మోస్తుంది. దొంగ కాగితం తయారుచేసేవాడికి అంత ఓపిక ఉండదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. పదిన్నరకు అని రాస్తే పదకొండుకు మొదలవుతుంది, ముఖ్య అతిథి వచ్చేదాకా జ్యోతి వెలగదు. చివరి రెండు వరుసలు ఎప్పుడూ ఖాళీ. మధ్యలో సంతకాల కాగితం చేతులు మారుతూ వస్తుంది. పేరు, హోదా, సంస్థ అని గడులుంటాయి. హోదా గడిలో శ్రోత అనీ, సంస్థ గడిలో తార్నాక అనీ రాస్తాను. ఒక సెమినార్ వాళ్లు దాన్ని చూసి, తార్నాక తరఫున పాల్గొన్నందుకు నాకు సర్టిఫికెట్ ఇచ్చారు.