నాటు వరి జన్యువుతో స్వర్ణకు ముంపును తట్టుకునే శక్తి

మారుటేరు: వరి అంతా ఒకే జాతి అయినా అన్ని రకాల గుణాలూ ఒకేలా ఉండవు. గింజ పరిమాణం, పంటకాలం, తెగుళ్లను తట్టుకునే శక్తి వంటి తేడాలకు మూలం జన్యువుల్లోని వైవిధ్యమే. స్వర్ణ రకమే ఇందుకు నిదర్శనం.

పశ్చిమగోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం రూపొందించిన స్వర్ణ (ఎంటీయూ 7029) 1982లో విడుదలైంది. దిగుబడిలో మేటి అయినా వారానికి మించి నీట మునిగితే తీవ్రంగా దెబ్బతింటుంది. ముంపులో చిక్కిన సాధారణ వరి నీటిపైకి వచ్చేందుకు వేగంగా సాగుతుంది. దాంతో మొక్కలోని పిండిపదార్థాలు ఖర్చయిపోయి, నీరు తీసినా పైరు కోలుకోదు.

ఒడిశా దేశవాళీ వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్‌ 13ఎ తీరు వేరు. అందులోని సబ్‌1ఎ జన్యువు ముంపు వేళ ఎదుగుదలను నిలిపి శక్తిని పొదుపు చేస్తుంది. శాస్త్రవేత్తలు 2006లో ఈ జన్యువు వివరాలు వెల్లడించారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సంకరం ద్వారా ఈ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చింది. 2009లో మన దేశంలో విడుదలైన స్వర్ణ సబ్‌-1 సుమారు రెండు వారాల ముంపును తట్టుకుంటుంది. గింజ, దిగుబడి స్వర్ణను పోలి ఉంటాయి. అయితే పూత దశలో మునిగినా, నెలల తరబడి నీరు నిలిచినా ఈ జన్యువు పైరును ఆదుకోలేదు.

దిగుబడి తక్కువని ఆ నాటు విత్తనాన్ని అప్పుడే వదిలేసి ఉంటే నేడు ఈ గుణం దొరికేది కాదు. పాత రకాలున్న రైతులు వాటిని కొద్ది సెంట్లలోనైనా ఏటా సాగుచేసి విత్తనం కట్టుకోవడం మేలు.